ఆనపబుర్రలోని పది గింజలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలు ముట్టకూడని వస్తువు ఒకటుండేది. పొయ్యి మీద వేలాడే ఆనపబుర్ర. ఎండిన ఆనపకాయ డొల్లలో చిక్కుడు విత్తనాలు బూడిద కలిపి పోసి, మూతికి పేడ అలికి, పొగ తగిలేలా కట్టేది మా అవ్వ. విత్తనాల పండగ నాడు ఊరి దేవతకి మొక్కాకే దాన్ని విప్పాలి. ముందే విప్పితే ఆ ఏడు పంట పోతుందని మా కొండల్లో నమ్మకం.

అప్పుడు నాది రెండో తరగతి. మా పంతులమ్మ పుస్తకం తక్కువ తెరిచేది, మా చేతులకి పని ఎక్కువ చెప్పేది. ఒకనాడు అందరినీ ఇంటినుంచి పదేసి గింజలు తెమ్మంది. నేను చింతపిక్కలు పట్టుకెళ్లినా సరిపోయేది. కానీ నాతో చదివే పక్కింటి గుంట వాళ్లింట్లో వండుకోవడానికి ఉంచుకున్న చిక్కుడు గింజలు చూపించి ఊరించింది. మా ఇంట్లో తినేవి అయిపోయాయి. అవ్వ అడ్డాకులకి అడివికి పోయినప్పుడు బుర్ర మూతి గీకి, పది గింజలు తీసి, మళ్లీ పేడ అలికేశాను.

బడిలో వాటిని లెక్కపెట్టాం, ఐదూ ఐదుగా విడదీశాం, రెండు తీసి ఎనిమిదన్నాం. ఆఖరికి పంతులమ్మ ఎవరి గింజలు వాళ్ల చేత తడిగుడ్డలో మూట కట్టించి, రోజూ తడపమంది. ఐదో రోజు విప్పితే పక్కింటి గుంటవి తొమ్మిది మొలిచాయి. నావి మూడే. మిగతా ఏడూ మెత్తబడి కంపు కొట్టాయి.

"ఓలమ్మో, నీ గింజలు సచ్చిపోనాయే!" అని ఒకటే నవ్వులు. పంతులమ్మ నవ్వలేదు. పలక మీద పదిలోంచి ఏడు తీసేయించి, ఇవి తినేవా, విత్తనాలా అని మెల్లగా అడిగింది. విత్తనాలే అన్నాను. "అయితే ఇంట్లో చెప్పాలి తల్లీ" అంది. ఎలా తెచ్చావని మాత్రం అడగలేదు.

ఇంటికి పోయే దారి పొడుగునా ఇదే ఆలోచన. చెప్తే వీపు పగులుతుంది, బడి మానిపిస్తారు. చెప్పకపోతే ఆ చచ్చిన గింజలే కొండపోడులో పడతాయి, ఏడాదంతా చిక్కుడుండదు. గుమ్మంలో నిలబడే చెప్పేశాను.

"ఏటే గుంటా, పండగ రాకముందే బుర్ర ముట్టినావా? బడికెల్లి నేర్సినది ఇదేనేటి? రేపట్నించి మేకలెనకాల పో!" అని అవ్వ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎందుకో దిగలేదు. పైకి చూసింది. మొన్నటి తుపానుకి పొయ్యి మీది కప్పు కారిన చోటు, బుర్రకి సరిగ్గా పైనే ఉంది.

బడిలో తేలిన లెక్కని మా అవ్వ ఊరికే నమ్మే మనిషి కాదు. పంట పోతుందన్న భయం దిగమింగుకుని, తనే బుర్ర విప్పి, పది గింజలు తన పాత చీర పేలికలో కట్టి, ఐదు రోజులు తనే తడిపింది. ఆ ఐదు రోజులూ నేను మేకల వెనకాలే తిరిగాను. మూట విప్పితే నాలుగు మొలిచాయి. మూడుసార్లు లెక్కపెట్టింది. మర్నాడు చోళ్ల మూట నెత్తిన పెట్టుకుని కొండ అవతల తన చెల్లెలి ఊరికెళ్లి, ఆ ధాన్యానికి బదులు మంచి విత్తనం తెచ్చింది. నా వైపు చూడకుండా, "బేగి బడికి పో. మేకల్ని నేను సూస్తాను" అంది.

ఆ ఏడు పోడులో చిక్కుడు విరగకాసింది. మరుసటేడు నుంచి పండగకి పది రోజుల ముందే అవ్వ దేవతకి దణ్ణం పెట్టుకుని బుర్ర విప్పేది. తీసిన పది గింజలూ నా చేతిలోనే పోసేది.

నా చదువు మూడో తరగతితోనే ఆగింది. ఇప్పుడు మా కోడలు అచ్చేసిన సంచుల్లో విత్తనం తెస్తుంది. ఆ సంచి మీద ఏం రాశారో చదువుకోనీ. నేను మాత్రం పది గింజలు తీసి తడిగుడ్డలో కట్టందే ఒక్క గింజ మట్టిలో పడనివ్వను. ముసల్దానికి చాదస్తం అంటారు. అననీ. దాచుకోవడం మా అవ్వ నేర్పింది. దాచినదాన్ని విప్పి చూసుకోవడం, చూసింది భయపడకుండా చెప్పడం, ఆ తడిగుడ్డ నేర్పింది.