గుడ్డ రెక్కలు

ఎనభైల్లో అమీర్‌పేటలో మా సందు చివర ఒక దర్జీ చాచా ఉండేవారు. బేగంపేటలో దిగే విమానం నెత్తిమీద వినపడితే చాలు, మిషన్ ఆపి బయటికొచ్చి, అది దిగి చప్పుడు ఆగేదాకా కదిలేవారు కాదు. కుట్టిన ప్రతి కుట్టునీ రెండు చేతులా లాగి చూడటం ఇంకో అలవాటు.

ఒకరోజు, ఆ సాయంత్రమే పంజాగుట్టలో జరిగే స్నేహితుడి పెళ్లికి వేసుకోవాల్సిన ప్యాంటు కోసం ఆయన కొట్లో కూర్చుని, విసుగ్గా అడిగేశాను. "రోజూ చూసే విమానమే కదా చాచా, ఏంటా కంగారు?"

"రెండో ప్రపంచ లడాయి టైముల, నేను దర్జీ పని చేసే తెల్లోల్ల ఓడ మునిగితే మాల్టా దీవిల చిక్కుకున్న బేటా. చుట్టూత దుష్మన్ల విమానాలు మస్తు. మా దిక్కు కొన్నే, రెండంతస్తుల రెక్కల పాతవి. ఆ రెక్కలు గుడ్డవి. గోలీలు తగిలి చినిగితే నేను సుత కుట్టేటోన్ని."

ఆయన గొంతు తగ్గింది. "ఒకదినం నేను కుట్టిన విమానం పోయి మళ్ల రాలే. దుష్మన్ కొట్టిండో, నా కుట్టే ఊడిందో, ఎవ్వలు చెప్పలే."

అప్పుడే ఇంకో విమానం వచ్చింది. అది దిగాక ఆయన లోపలికొచ్చి నా ప్యాంటు కుట్టును లాగి చూశారు. గట్టిగానే ఉంది. అయినా విప్పేసి, మళ్లీ మొదటినుంచి కుట్టసాగారు. పెళ్లికి వేళ మించిపోతున్నా నేను చాచాను తొందరపెట్టలేకపోయాను.