చంద్రలోకం సినిమా చూసొచ్చిన మర్నాడు

మొన్న మునిమనవరాలు సినిమాకు వెళ్ళొచ్చి, ప్రేమికులిద్దరూ రాకెట్టెక్కి నక్షత్రాల మధ్య ఎలా తిరిగారో కళ్ళింత చేసుకుని చెబుతుంటే, నా మనసు చిన్నప్పుడు నరసరావుపేట శివార్లలో వెలిసిన టూరింగ్ టాకీసు డేరాలోకి వెళ్ళిపోయింది.

అవి యుద్ధం రోజులు. మిలిటరీలో చేరి బర్మా వెళ్ళిన మా బాబాయి, ఆ దేశం జపానువాళ్ళ చేతిలో పడ్డాక ఏమయ్యాడో తెలియలేదు. ఆయన భార్య, మా పిన్ని, రొంపిచర్లలో పుట్టింటికి, మా తాతయ్య దగ్గరికి వచ్చేసింది. నేనూ అక్కడే చదువుకునేదాన్ని. మిషన్ బడి పంతులైన తాతయ్య, కూతురు చిన్న వయసులోనే మోడువారిపోతుందన్న దిగులుతో సత్తెనపల్లిలో మరో సంబంధం చూశాడు. పిన్ని అవుననలేదు, కాదనలేదు, అసలు మాట్లాడటమే మానేసింది.

కాస్త మనసు మళ్ళుతుందని అమ్మమ్మ మా ఇద్దరినీ సినిమాకు తీసుకెళ్ళింది. అందులో చంద్రలోకం చూడాలని కలలుగన్న యువకుడు ఇనుప ఓడలో ఎగిరిపోయి తిరిగిరాడు; చచ్చాడని అందరూ అనుకుంటే, ప్రియురాలు మాత్రం మరో ఓడ చేయించుకుని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. రీలు మార్చేటప్పుడు జనం గోల చేస్తున్నా పిన్ని ఖాళీ తెర మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు పొద్దున తాతయ్య ముందుకొచ్చి నిలబడింది.

"మిలిటరీ ఆసుపత్రిలో నర్సులు కావాలంట నాయనా. నేను పోతా. బర్మా నుంచి దెబ్బలు తగిలినోళ్ళు వస్తన్నారంట. ఎవరో ఒకరు ఆయన్ని చూసుంటారు."

"సినిమా చూసొచ్చి ఏందమ్మా ఈ మాటలు? చానా దూరం అది."

"చంద్రుడంత దూరం కాదుగా."

తాతయ్య కోపగించాడు, బతిమాలాడు, చివరికి ముఖం తిప్పుకున్నాడు. పిన్ని వెళ్ళింది. కట్టు కట్టిన ప్రతి సిపాయినీ బాబాయి గురించి అడిగేదట. యుద్ధం ముగిసే ముందు, కాలు పోగొట్టుకున్న గురజాల మనిషొకడు మాత్రం ఆయన్ని ఎరుగుదునన్నాడు. బర్మా జపానువాళ్ళ పాలైనప్పుడు అడవిలో నడిచి వస్తూ బాబాయి జ్వరంతో దారి పక్కన కూలబడ్డాడని, వెనక శత్రువులు తరుముతుంటే వదిలేసి రాక తప్పలేదని చెప్పి ఏడ్చాడట.

"చనిపోవడం చూశావా?" అని పిన్ని అడిగింది.

"చూళ్ళేదక్కా. కూలబడటమే చూశా."

ఆ మాట పట్టుకునే పిన్ని మిగతా జీవితమంతా గడిపింది. నరసరావుపేటలో నర్సుగా ఉంటూ ఎందరికో పురుళ్ళు పోసింది గానీ, మరో సంబంధం మాట ఎత్తనివ్వలేదు, చర్చిలో చనిపోయినవారిని తలుచుకునే రోజున బాబాయి పేరు చదవనివ్వలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కాస్త ఆలస్యమైతే ఫోన్ చేసి ఎక్కడున్నారో కనుక్కుంటాం. అంతపాటి కబురు ఒక్కటి, మంచిదో చెడ్డదో, పిన్నికి అందివుంటే ఆమె మనసారా ఏడ్చి, మళ్ళీ బతకడం మొదలుపెట్టి ఉండేదని నాకు అనిపిస్తూ ఉంటుంది.