పాత కారు, పండుకునే ఎద్దు

నా చిన్నప్పటి సంగతుల్లో చాలావరకు చెరిగిపోయాయి గానీ, ఒకరోజు సంతలో మా తాత మీద వచ్చిన కోపం మాత్రం యాభై అయిదేళ్లయినా చల్లారలేదు. ఈ మధ్య ఒక పాత కారు పుణ్యమా అని అది మళ్లీ రాజుకుంది.

మాది డోన్ దగ్గర ఒక పల్లె. ఆ ఏడు తొలకరి బాగా పడింది. మా తాత సంతకు పోయి ఒక ఎర్రెద్దును కొనుక్కొచ్చాడు. నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉండేది. మడక కడితే మాత్రం రెండు చాళ్లు దున్ని మూడో చాల్లో పండుకునేది. కొట్టినా, బతిమాలినా, తోక మెలిపెట్టినా లేచేది కాదు. అమ్మినవాడు సంతలో దాన్ని అటూ ఇటూ నడిపిస్తూనే చూపించాడట, మడక కట్టి చూడనివ్వలేదట. చేనిలో వాన తెచ్చిన పదును ఆరిపోతోంది. విత్తనం పడకపోతే ఆ ఏడు మాకు తిండిగింజలు లేవు. ఆ సంగతి పదేళ్లవాణ్ణయిన నాకు కూడా తెలుసు.

పక్కింటి మామ ఒక ఉపాయం చెప్పాడు. "రెండు దినాలు పని చెప్పొద్దు చిన్నాయనా. బాగా మేపి సంతకు తోలుకొని పో. నిన్ను ఏమార్చినట్లే నువ్వూ ఎవున్నో ఒకన్ని ఏమార్చు" అన్నాడు. తాత ఎద్దును రెండు రోజులు మేపి, మూడో రోజు నన్ను వెంటబెట్టుకొని సంతకు బయలుదేరాడు. నేను గంతులేసుకుంటూ పోయాను.

సంతలో ఒకాయన వచ్చి ఎద్దు పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, వీపు నిమిరాడు. బేరం కుదిరింది. పగ్గం ఆయన చేతిలో పెట్టబోతూ మా తాత ఆగిపోయాడు. "ఏమప్పా, ఒక మాట. ఇది మూడో చాల్లో పండుకుంటాది. నేను మోసపోయినా" అన్నాడు. ఆయన మా తాతను ఎగాదిగా చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఎద్దును తోలుకొని తిరిగొస్తూ దారి పొడుగునా ఏడ్చాను. "నీకేమన్నా పిచ్చి పట్టిందా తాతా? చెప్పమని నిన్నెవురడిగినారు?" అని అరిచాను. తాత కోప్పడలేదు. "ఆయప్ప చేన్లో గూడా పదును ఆరిపోతాంటాది గదరా" అన్నాడు, అంతే.

తర్వాత ఏదో మేలు జరిగిందని చెప్పడానికి లేదు. ఎవరిదో ఎద్దును అడిగి తెచ్చుకొని ఆలస్యంగా విత్తాము, సగం పంటే వచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. నన్ను మేనమామ ఇంటికి పంపేశారు.

ఇక కారు సంగతి. రిటైరై కల్లూరులో ఇల్లు కట్టుకున్నాక, పాతకాలం కారు ఒకటి ఉంచుకోవాలని సరదా పుట్టింది. ఇంచుమించు నా వయసుదే ఒకటి కొన్నాను. మొదటిసారి కొనేవాడు చేసే తప్పులన్నీ చేశాను. పాలిష్ చూసి మురిసిపోయాను, కింద మ్యాట్ ఎత్తి చూడలేదు, నేను వెళ్లేసరికే ఇంజను వెచ్చగా ఎందుకుందని అడగలేదు. ఇంటికొచ్చాక గదా తెలిసింది, చల్లారితే అది స్టార్ట్ కాదు! మ్యాట్ కింద రేకు తుప్పు తినేసి, రంధ్రాల్లోంచి రోడ్డు కనిపించేది. ఒక సామాను దొరికితే ఇంకొకటి దొరకదు. రోజూ వీధిలోవాళ్లను కారు తోయమని బతిమాలడమే నా సరదా అయి కూర్చుంది. మా ఆవిడ మోకాళ్ల ఆపరేషన్‌కని దాచుకున్నదంతా దాని కడుపులోకే పోయింది. దాన్ని అమ్మితే తప్ప ఆపరేషన్ లేదు.

మొన్న ఆదివారం కారు చూడటానికి నంద్యాల నుంచి ఒక టీచరమ్మ వస్తానంది. ఆమెకూ ఇదే మొదటి పాత కారు. "ఆమె రాకముందే తోయించి గంటసేపు నడిపించి పెట్టండి సార్. మ్యాట్ మీద ఇంకో మ్యాట్ ఏసేస్తాం, ఏం తెలుస్తాది?" అన్నాడు మెకానిక్. సరేనన్నాను. పొద్దున్నే తాళం పట్టుకొని కార్లో కూర్చున్నాను. తోయడానికి వీధిలోవాళ్లు కూడా వచ్చారు. తాళం తిప్పబోతుంటే, సంతలో పగ్గం పట్టుకొని ఆగిపోయిన తాత గుర్తొచ్చాడు. "థూ, ఈ ముసలాయన నన్ను బతకనివ్వడు" అని పైకే తిట్టి కారు దిగాను. వచ్చినవాళ్లు నా ముఖం చూసి వెళ్లిపోయారు.

టీచరమ్మ వచ్చాక మ్యాట్ నేనే ఎత్తి చూపించాను. చల్లటి ఇంజను మీద తాళం తిప్పాను. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆమె "మంచిమాట చెప్పినారు సార్" అని షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మా ఆవిడ నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆమె మెట్టు మీద కూర్చొని మోకాలు నిమురుకుంటూ, "మీ తాత పోయి నలభై ఏండ్లాయ. ఇంగా మన బేరాలు చెడగొడ్తానే ఉండాడు" అంది.

నిజమే. ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు. కానీ ఆ పొద్దు టీచరమ్మ రాకముందే గుట్టుగా తాళం తిప్పి ఉంటే, మనవడిగా ఆయన మీద కోపగించుకునే హక్కు కూడా నాకు మిగిలేది కాదు.