దేవరాపల్లి బస్సెక్కిన సాన

చోడవరం నుంచి దేవరాపల్లి దాకా కత్తుల సానని బస్సులో మోసుకెళ్ళి, పదిమంది చెరకు కూలీల ముందు నా పరువు నేనే తీసుకున్న రోజు గురించి చెబుతాను. ఆ రోజు నాకు ఎవరెవరి మీద కోపం వచ్చిందో రాస్తే ఈ కాగితం చాలదు. అందులో తప్పు చేసినవాడు మాత్రం లేడు.

మా నాన్న సైకిల్ మీద సాన బిగించుకుని నలభై ఏళ్ళు ఊళ్ళు తిరిగాడు. నేను పుస్తకాల షాపులో గుమాస్తాని. "బస్సులుండగా ఈ ఎండలో సైకిలేటి నాన్నా?" అని వందసార్లు అడిగాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆయన పోయిన నెలకి దేవరాపల్లి నుంచి పైడమ్మ ఫోన్ చేసింది. చెరకు కొట్టే ముఠాకి ఆవిడే మేస్త్రి.

"సోమవారం మా కత్తులకి సాన పడతానని మీ నాన్న మాటిచ్చేడు నాయనా. ఆ సాయంత్రానికే లోడు ఫ్యాక్టరీకి ఎల్లాల. మొద్దు కత్తుల్తో ఏటి సేస్తాం?"

"నేనొస్తాను" అన్నాను. మనిషి ఎలాగూ పోయాడు, మాటైనా పోకూడదు కదా.

ఆదివారం సైకిల్ మీంచి సాన విప్పాను. రాయి, ఇనప చట్రం, బెల్టు, నీళ్ళ డబ్బా, ఒక్కటీ మరిచిపోలేదు. బోల్టులు జేబులో వేసుకున్నాను. సైకిల్ని తుడిచి గోడకి ఆనించాను. నలభై ఏళ్ళుగా నాన్నకి తట్టని ఉపాయం నాకు ఒక్క పూటలో తట్టిందని పొంగిపోయాను.

సోమవారం పొద్దున్నే బస్సెక్కుతుంటే కండక్టరు ఆపాడు. "ఏటది?"

"కత్తుల సానండి."

"బస్సులో కత్తులేటి బాబూ!"

"కత్తులు లేవండి. రాయి."

"రాయైతే లగేజీ టికెట్టు తియ్యి."

తీసి కూర్చున్నాను. దూడని ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. పక్కనున్న మామ్మ తొంగి చూసింది.

"సెరుకు రసం మిసనా బాబూ?"

"కాదు."

"పిండి రుబ్బేదా?"

"కాదమ్మా!"

"కోపమేటి? నా కాలి మీద పడితే తెలవాలి కదా, ఏది పడి సచ్చేనో!"

బస్సంతా నవ్వింది. కష్టజీవి పనిముట్టుకి ఈ దేశంలో గౌరవం లేదని, కిటికీలోంచి చూస్తూ మనసులోనే పెద్ద ఉపన్యాసం ఇచ్చాను.

స్టాపు నుంచి తోట దాకా భుజాన మోశాను. గట్టు మీద పది కత్తులు వరసగా పెట్టి ఉన్నాయి. పైడమ్మ నన్ను చూసింది, సానని చూసింది, తర్వాత నా వెనక వెతికింది.

"సైకిలేది నాయనా?"

"సైకిలెందుకు? బస్సులో వచ్చేను."

"బస్సేది మరి?"

"ఎల్లిపోయింది."

"అయితే రాయినెవరు తిప్పుతారు?"

మీరు కాస్త ఆగండి. నేనూ ఆగాను. నాన్న సైకిల్ స్టాండు వేసి తొక్కేవాడు. వెనక చక్రం బెల్టుని లాగితే రాయి తిరిగేది. ముప్పై ఏళ్ళు కళ్ళారా చూశాను. అయినా సైకిలంటే సానని మోసేదే అనుకున్నాను.

"ఇంజను ఇంటికాడ ఒగ్గేసి వచ్చేడ్రా!" అని ఎవరో అరిచారు. నవ్వలేక ఇద్దరు గట్టు మీద కూలబడ్డారు.

నాకు పైడమ్మ మీద కోపం వచ్చింది. "సైకిల్ తెమ్మని ముందే సెప్పొచ్చు కదా!"

"తలకాయ తెమ్మని కూడా సెప్పాలేటి?"

లోడు మాత్రం ఆగదు. చట్రాన్ని ట్రాక్టరు తొట్టికి బిగించారు. కత్తి పట్టింది పైడమ్మ. బెల్టుని రెండు చేతులా లాగింది నేను. ఆ రోజు సైకిలు నేనే.

"తొక్కు బాబూ, తొక్కు!"

"మలుపొచ్చింది, బెల్లు కొట్టు!"

పదో కత్తి అయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి లోడు కదిలింది. నాన్న మాట దక్కింది. పైడమ్మ నీళ్ళ చెంబు ఇచ్చి అడిగింది.

"మీ నాన్ననెప్పుడైనా బస్సెక్కమన్నావేటి?"

"వందసార్లు."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. నవ్వేవాడు."

"మరి సెప్పేడు కదా."

ఇంటికొచ్చి, గోడకి ఆనించిన సైకిల్ ముందు బొబ్బల చేతులు జోడించి ప్రమాణం చేశాను. నాన్న కష్టపడి చేసిన ఏ పనినీ ఇక నేను సులువు చేయను. సానని మళ్ళీ బస్సెక్కించను. ఎక్కించాల్సే వస్తే సైకిల్ని కూడా ఎక్కిస్తాను. అప్పుడు ఆ కండక్టరు ఏమంటాడో చూస్తాను.