శుక్రవారాల కోటలు

మా నాన్నకు కోటల పిచ్చి పట్టించింది ఒక అమెరికన్. నాన్న సివిల్ ఇంజనీరుగా చేసే కంపెనీలో ఆయన ప్రాజెక్టు మేనేజరు. ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచి, లావుపాటి ఆల్బమ్ ఒకటి తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టాడు. ఏటా వేసవిలో పెళ్ళాంపిల్లల్ని కారెక్కించుకుని వాళ్ళ దేశంలో ఉన్న పాత కోటలూ యుద్ధభూములూ అన్నీ తిరిగాడట. ఫిరంగి మీద చెయ్యేసి పిల్లలు, చెక్క ఇంటి ముందు భార్య, ప్రతి ఫోటో కింద ఊరి పేరు. ఖతర్‌లో మేముండే ఉమ్ ఘువైలినా పేటలో మా ఫ్లాటుకు తిరిగొస్తున్నంతసేపూ నాన్నకు అదే ధ్యాస. "పిల్లలకి చరిత్ర నేర్పితే అలా నేర్పాలి" అన్నాడు. ఆ అమెరికన్ తన కారు తనే నడుపుకున్నాడు, అదీ తన సెలవులో. ఆ సంగతి మాత్రం నాన్న పట్టించుకోలేదు.

ఎందుకంటే నాన్నకు డ్రైవింగు రాదు. ఖతర్ లైసెన్సు పరీక్ష నాలుగుసార్లు తప్పి, తప్పు పోలీసులదేనని తేల్చేశాడు. కాబట్టి మా చరిత్ర యాత్రలకు కంపెనీ పికప్ వచ్చేది. దానితో పాటు దాని డ్రైవరూ వచ్చేవాడు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. గ్యాస్ డబ్బు ఊరి మీద కుమ్మరిస్తున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. ఆరు రోజులు పొద్దున నాలుగింటి నుంచి క్యాంపుకూ సైటుకూ మధ్య మనుషుల్ని తిప్పేవాడు. ఏడో రోజు శుక్రవారం. నిద్రకీ, బట్టలుతుక్కోవడానికీ, ఇంటికి ఫోను చేసుకోవడానికీ అతనికున్నది ఆ ఒక్క రోజే. ఆ రోజు పొద్దున్నే మెసైమీర్ అవతలి క్యాంపు నుంచి వచ్చి మా మెట్ల కింద నిలబడేవాడు.

"ఇబ్బందేం లేదు కదయ్యా?" అనేవాడు నాన్న, బండెక్కాక.

"మాఫీ ముష్కిల్ సార్" అనేవాడు అతను, ఇబ్బందేం లేదని అక్కడి అరబ్బీలో. ఇంకేమంటాడు?

అమ్మ మాత్రం పులిహోరలో మొదటి పొట్లం అతనికే కట్టేది. "పాపం, వారానికి ఒక్క రోజండీ అతనికి" అని ఒకటి రెండుసార్లు గొణిగింది కూడా. "గదిలో పడుకుని ఏం చేస్తాడు? మనతో వస్తే నాలుగు చోట్లు చూస్తాడు" అన్నాడు నాన్న. అతను చూసిందేమీ లేదు. జుబారా కోట లోపలికి మేము వెళితే అతను బయట నీడ వెతుక్కునేవాడు. ఫోటో తీయాల్సి వచ్చినప్పుడే నాన్న కేకేసి పిలిచేవాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. నేనూ ఆ పికప్పు మాదేనన్నట్టు కూర్చునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

ఆ ఏడు బళ్ళో పోటీ పెట్టారు. మనం ఉంటున్న దేశంలోని చారిత్రక స్థలాల మీద ఫోటోలతో ప్రాజెక్టు చేయాలి. నాన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆరు కోటలు, ఆరు పేజీలు, పైన గట్టి అట్ట అని పథకం వేశాడు. నాలుగయ్యాయి. అయిదోది జస్సాసియా. అక్కడ కోట లేదు. సముద్రానికి దగ్గరగా రాతి గుట్టలు, వాటి మీద ఎప్పుడో ఎవరో చెక్కిన పడవల బొమ్మలు, రెండు వరసల్లో చిన్న చిన్న గుంటలు. అచ్చం వామనగుంటల పీట. అమ్మానాన్నలు అటు పడవల దగ్గరుంటే నేను గులకరాళ్ళు ఏరి గుంటల్లో వేస్తున్నాను. అతను వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మా చెల్లె గూడ గిట్లనే ఆడేది. నన్ను ఒక్కపారి గెల్వనియ్యకపోయేది" అన్నాడు.

రెండాటలు ఆడాం. రెండూ నేనే గెలిచాను, గెలవనిచ్చాడేమో. అప్పుడు చెప్పాడు. చెల్లెలి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయాలి. వాళ్ళలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, మేనమామే మొదటి కత్తెర వేయాలి. చెల్లెలికి ఇతనొక్కడే అన్న. మొదటి ఏడు సెలవు దొరకలేదు. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది, నెలన్నరలో అయిపోతుంది. సరి ఏట తీయరు. పిల్లవాడికి జడలు వేస్తున్నారు, వాడలో పిల్లలు ఆడపిల్లని ఏడిపిస్తున్నారు.

"మా ఊరోళ్ళకు గల్ఫంత దుబాయే. దుబాయ్‌ల గంత పనేముంటదే, పది దినాలు రాలేవా అని ఏడుస్తది చెల్లె. ఈపారి నేను రాకుంటే అత్తగారోళ్ళు ఆళ్ళ మనిషితోని తీపిస్తరట. మేనమామ ఉండంగ గట్ల జేస్తే చెల్లెకు ఆ ఇంట్ల ఇజ్జత్ ఉంటదా? నేనొచ్చి రెండేండ్లు నిండినయ్, కంపెనీ రెండు నెలల లీవ్ ఇస్తనన్నది. సార్ సంతకమే గావాలె. సార్ నీ మాట దీసెయ్యడు బిడ్డా. ఒక్క మాట జెప్పు."

జేబులోంచి కాగితంలో చుట్టిన చిన్న కత్తెర తీసి చూపించాడు. మా వీధి చివర కొట్లోనే కొన్నాడట, కొత్తది. దాన్ని వేములవాడకు తీసుకుపోవాలి. నేను సరేనన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్నే ముందు ఆ మాట ఎత్తాడు. సెలవు కాగితం బల్ల మీద ఉంది. "ఇతను వెళితే ఈ రెండు నెలలూ శుక్రవారం బండి ఉండదమ్మా. ఆరోది మిగిలిపోతుంది. జుబారా ఫోటోలు కూడా సరిగ్గా రాలేదు. నువ్వే చెప్పు, పంపమంటావా?"

అమ్మ వంటింట్లోంచే అంది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని, కంపెనీ ఇస్తానన్న సెలవుకి మీరు అడ్డమేంటండీ?"

"దాన్ని అడుగుతున్నాను కదా" అన్నాడు నాన్న.

నాకు జడల పిల్లవాడు గుర్తొచ్చాడు. గుర్తు రాలేదని చెప్పగలిగితే ఇంత బాధ ఉండేది కాదు. వాడితో పాటే ఖాళీగా ఉన్న ఆరో పేజీ కూడా కళ్ళ ముందుకొచ్చింది. "నా ప్రాజెక్టు అయ్యాక పంపు నాన్నా" అన్నాను.

నాన్న ఎంతో తేలికపడ్డాడు. "బదులు డ్రైవరు దొరికాక" అని ఆ కాగితం మీద రాసేశాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పన్నెండేళ్ళ పిల్ల నోట అనిపించి తన సంతకం తప్పించుకున్న మనిషిని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. అలాగని నా వంతు తప్పు ఆయన మీదికి నెట్టేసే వీలూ లేదు. అడిగింది ఆయన, అన్నది నేను.

తర్వాతి శుక్రవారాలు కూడా అతను వచ్చాడు. ఏమీ అడగలేదు. అల్ ఘర్రాఫా దాటి ఉత్తరం రోడ్డెక్కాక, అద్దంలో ఒకసారి నావైపు చూసి నవ్వేవాడు. నేను కిటికీలోంచి ఎడారి చూసేదాన్ని.

ఆరోది కూడా అయింది. మొదటిసారి ఫోటోలు బాగా రాలేదని ఆ తర్వాత నాన్న మళ్ళీ జుబారాకే తీసుకెళ్ళాడు. అదే ఆఖరి యాత్ర. స్టూడియో నుంచి తెచ్చిన పాత ప్రింట్లు నా సంచిలో ఉన్నాయి. నాన్న, అమ్మ గోడ చుట్టూ తిరుగుతుంటే నేను పికప్ వెనక పలక మీద కూర్చుని అంచులు ఎలా కత్తిరించాలా అని చూస్తున్నాను. కత్తెర తెచ్చుకోవడం మర్చిపోయాను.

అతను ముందు తలుపు తీసి, ఆ కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తీస్కో బిడ్డా. దీంతోని నాకిగ పని లేదు. మొన్న సోమారం ఆళ్ళే తీపిచ్చిన్రు. చెల్లె ఫోన్ ఎత్తుతలేదు."

పొట్లం విప్పాను. కత్తెర నున్నగా ఉంది, దుకాణం వాడు అంటించిన చీటీ కూడా ఇంకా ఊడలేదు.

"నువ్వయితే సార్‌కు చెప్పినవ్ గదా" అన్నాడు. అది ప్రశ్న కాదు. నన్ను ఓదార్చడానికి అన్నాడు. "నీదేం తప్పున్నది? కంపెనీ పని గట్లున్నది."

నేను తల ఊపాను, చెప్పానన్నట్టు.

అప్పుడు నాన్న కోట తలుపు దగ్గర్నుంచి కేకేశాడు. "రావయ్యా, మా ముగ్గురినీ కలిపి ఒకటి తీద్దువుగాని!" అతను పరుగున వెళ్ళి కెమెరా అందుకున్నాడు. నేను వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను. "నవ్వు బిడ్డా" అన్నాడు అతను. నవ్వాను.

ఆ రోజు ఇంటికొచ్చి ఆ కత్తెరతోనే ఫోటోల అంచులన్నీ కత్తిరించాను. మొదటి బహుమతి నాకే వచ్చింది.