ఎడమ చెయ్యి

నిడుగల్లు బడిలో పాఠాలు చెప్పే కదిరప్ప అయ్యవారికి ఆ నెలంతా అన్నం సహించలేదు. గొర్రెలు మేపే బోరన్న కూతురు ఈరక్క చదివేది మూడో తరగతి. ఆ పిల్లను పావగడలో ఐదో తరగతి పరీక్షకు కూర్చోబెడతానని ఆయన మైసూరు సర్కారు ఇన్‌స్పెక్టరుకు మాటిచ్చాడు. "తప్పితే మటుకు పిల్ల గొర్రెలెనక పోతాది" అని బోరన్న ముందే చెప్పేశాడు. అయ్యవారు కండువా అంచు మెలిపెడుతూ, ఈరక్క బావి దగ్గర కనబడినా, దొడ్లో కనబడినా ఒక లెక్క అడిగేవాడు. ఆమె చంకలోని పలక తీసి టకటకా చేసి చూపించేది. పరీక్షకు ముందురోజు మొదటిసారిగా కాగితం, కలం, సిరాబుడ్డి ముందు పెట్టాడు. లెక్క సరిగ్గానే వచ్చింది. "అయిపాయ అయివారా, ఇంగొకటి చెప్పండి" అంటూ ఈరక్క ఎప్పటిలాగే ఎడమ అరచేత్తో దాన్ని తుడిచేసింది. కాగితమంతా సిరా అలుక్కుపోయింది. అయ్యవారు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "అది పలక కాదమ్మా! రేపు ఆ చెయ్యి తొడకింద పెట్టుకోని కూసో. ఏమైనా కానీ బయటికి తియ్యాకు." మర్నాడు పరీక్ష గది బయట అరుగుమీద ఆయన మూడు గంటలు కూర్చున్నాడు. గంట కొట్టాక లేవబోతే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి కదల్లేదు. అది ఆయన తొడకిందే ఉంది.