బిళ్ళ ఒకటే, మచ్చ ఒకటే

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా ముందు నన్నే పట్టుకునేవారు. తమిళదేశంలో కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె మాది. ఒకరోజు మా మామ చొక్కాకు పెట్టుకునే బంగారు బొత్తాం మాయమైంది. ముందురోజు దానితో ఆడుకున్నది నేనే. పైగా ఆ పొద్దున నాకు కడుపునొప్పి. ఇంకేం, నేనే మింగానని తేల్చేశారు. నేను మింగలేదంటే ఒక్కరూ వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

విరుదునగరంలో ఒక డాక్టరు కొత్తగా ఎక్స్‌రే యంత్రం పెట్టారని మామ నన్నూ, మా అవ్వనూ వెంటబెట్టుకుని రైలెక్కాడు. అక్కడ నగలన్నీ తీయమంటే అవ్వ నా గాజులు, గొలుసులు తీసి కొంగున కట్టుకుంది. మొలతాడుకున్న వెండి బిళ్ళను మాత్రం పావడా మడతలోకి దోపేసింది. దిష్టి తగలకుండా కట్టిన బిళ్ళను బిడ్డ ఒంటి మీంచి తీయడం మావైపు ఆడవాళ్ళు కలలోనైనా చేయరు.

ఫిల్ము కడిగి చూస్తే పొట్ట దగ్గర గుండ్రంగా తెల్లని మచ్చ. చూశారా అన్నాడు మామ. అది తనంతట తాను దిగకపోతే పొట్ట కోయాల్సి రావచ్చన్నారు డాక్టరు. అవ్వ ఏడుపు మొదలుపెట్టింది.

“నేను మింగలే! కోస్తే కోసుకోండి, లోపల ఏమీ ఉండదు!” అని బల్లమీద నిలబడి అరిచాను. మామ చెయ్యెత్తాడు. డాక్టరు ఆయన్ని ఆపి, నా ముందు వంగి, మరి ఆ మచ్చ ఏమిటో నువ్వే చెప్పమని తమిళంలో అడిగారు. నన్ను అడిగినవాడు ఆయనొక్కడే. నేను మడత విప్పి బిళ్ళను లాగి చూపించాను.

“అది నగ కాదు సామీ, బిడ్డకు కాపు. దాన్నెట్లా తీసేది?” అంది అవ్వ, ఏమాత్రం తగ్గకుండా.

డాక్టరు బిళ్ళను ఫిల్ము మీద పెట్టి చూశారు. మచ్చ దానిదే. చూసుకోకుండా ఎక్స్‌రే తీయడం తన తప్పేనన్నారు. మామ మాత్రం వదల్లేదు. “ఇంకో తూరి తీయండయ్యా!”

“బిళ్ళ ఒకటే, మచ్చ ఒకటే. బొత్తాం కూడా ఉంటే రెండోది కనబడాలి. ఈ కిరణాలు చిన్నపిల్లల మీద ఊరికే వేసేవి కావు” అని డాక్టరు మమ్మల్ని పంపేశారు. ఇంటికొచ్చి చూస్తే బొత్తాం ఉతకడానికి వేసిన చొక్కాకే ఉంది. మామ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నేను వీధంతా చెప్పాను.

ఇప్పుడు మా మనవరాళ్ళకు ఎక్స్‌రే అంటే నేనే ముందు వెళ్తాను. ఇది నిజంగా అవసరమా అని డాక్టరును అడుగుతాను. తర్వాత వంగి, ఒంటిమీద ఇంకేమైనా ఉందా అని పిల్లనే అడుగుతాను. ముసలమ్మ విసిగిస్తోందని అనుకుంటారు. అనుకోనీ. పిల్ల నోరు విప్పి చెప్పేదాకా నేను అక్కణ్ణుంచి కదలను.